కృష్ణలో రెండు షికార్లు

నాకు పదిహేడేళ్లప్పుడు మా వదినకి దగ్గులో నెత్తురు పడింది. యుద్ధం జరుగుతున్న రోజులు. మేం నరసరావుపేటలో ఉండేవాళ్లం. మా నాన్న అంతకు రెండేళ్ల ముందే పోయాడు. మా అన్నయ్య మిషను బళ్లో పంతులు. ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ల ఎనిమిది నెలల పిల్ల, నేను. వదిన నాకంటే మూడేళ్లే పెద్దది.

ఆ ఏడు వానల్లో వదినకి జ్వరం వచ్చింది. పది రోజులకి జ్వరం తగ్గింది కానీ దగ్గు తగ్గలేదు. ఒకనాడు పొద్దున పళ్లు తోముకుంటూ దగ్గి, గోడ పక్కన ఉమ్మి, మట్టి కప్పబోయింది. మా అమ్మ చూసింది. లోపలికి వచ్చి ఉయ్యాల్లో నిద్రపోతున్న పిల్లని ఎత్తుకుని వంటింట్లోకి పోయి తలుపేసుకుంది.

మా అమ్మ చెడ్డమనిషి కాదు. ఆమె చిన్నతనంలో వాళ్లింట్లో క్షయ వచ్చి ఒకే ఏడాదిలో ఇద్దరు పోయారు, వాళ్లలో ఒకామె అమ్మ కంటే చిన్నది. ఆ భయం ఆమె ఒంట్లోనే ఉండిపోయింది. ఆ రోజు నుంచి వదిన కంచం వేరు, గ్లాసు వేరు, పడక వసారాలో. పిల్లకి ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పట్టటం మొదలుపెట్టింది అమ్మ. వదిన వసారాలో కూచుని గడప ఇవతల నుంచే పిల్లని చూసేది. పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయేది. కొంగు కప్పుకుని పెరట్లోకి పోయేది.

నేను ఏం చేశానో కూడా చెప్పాలి. నేనూ దూరంగానే జరిగాను. అంతకుముందు మేమిద్దరం ఒకే దుప్పట్లో పడుకుని పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు ఆమె అన్నం గడప మీద పెట్టి, ఆమె లేచి వచ్చేలోపు వెనక్కి వచ్చేసేదాన్ని.

రెండు నెలలు ఇట్లా గడిచాయి. మా ఊరి ఆస్పత్రి డాక్టరమ్మ గొట్టం పెట్టి విని, "నాకు తేలటం లేదు. బెజవాడలో ఛాతీకి పొటో తీసే మిషను ఉంది. తీయించుకురండి, అప్పుడు చెప్పొచ్చు" అంది. అన్నయ్య బడికి సెలవు పెట్టాడు. ఆడమనిషి తోడుండాలని నన్ను కూడా బయల్దేరదీశాడు. నాకు పోవాలని లేదు.

బయల్దేరేటప్పుడు అమ్మ పిల్లని చంకనేసుకుని వాకిట్లో నిలబడింది. వదిన పిల్ల వైపు చెయ్యి చాపబోయి, మళ్లీ వెనక్కి తీసుకుని, గుడ్డసంచి భుజాన తగిలించుకుంది.

రైలు నిండా సిపాయిలు. గుంటూర్లో బండి మారాం. నేను మా ఇనప పెట్టెకి అటుపక్క కూచున్నాను, వదిన ఇటుపక్క. దారి పొడుగునా ఆమె కళ్లు మూసుకుని వెనక్కి ఆనుకుంది. బెజవాడ వంతెన మీదికి బండి ఎక్కగానే మాత్రం లేచి కిటికీ చువ్వలు పట్టుకుంది.

"అమ్మో, ఇన్ని నీళ్లా! మా ఊళ్లో రాళ్ల మధ్య ఉరుకుద్ది. ఇక్కడ చూడు, ఎంత నిమ్మళంగా పడుకుందో."

వదినది చాలా ఎగువన, మాచవరం అవతల, కృష్ణ ఒడ్డునే ఉన్న చిన్న పల్లె. పెళ్లయ్యేదాకా ఏటి గట్టునే పెరిగింది. నేనేమో పేట దాటి ఎరగను. నీళ్లంటే నాకు తెలిసింది బావిలో నీళ్లే.

"ఇవి మా ఊరి మీంచి వచ్చిన నీళ్లే. నాలుగు రోజుల కిందట మా అమ్మ వీటిల్లోనే గుడ్డలు ఉతికుంటది" అంది. రెండు నెలల తర్వాత ఆమె గొంతులో ఆ మాత్రం హుషారు వినటం అదే మొదలు.

ఆ రాత్రి అన్నయ్యతో ట్రైనింగు చదువుకున్న ఒక పంతులు గారింట్లో పడుకుని, పొద్దున్నే ఆస్పత్రికి పోయాం. వదినని చీకటి గదిలోకి తీసుకుపోయి, చల్లటి పలకకి ఛాతీ ఆనించి నిలబెట్టి, ఊపిరి బిగపట్టమన్నారంట. పావుగంటలో అయిపోయింది. కానీ ఆ పొటో కడగాలి, ఆరాలి, పెద్ద డాక్టరు చూడాలి. "సాయంత్రం అయిదింటికి రండి. ఆరు దాటితే డాక్టరు గారు వెళ్లిపోతారు, మళ్లీ సోమవారమే" అన్నాడు కాంపౌండరు.

అప్పటికి తొమ్మిది కూడా కాలేదు. అన్నయ్య వరండాలో బల్ల చూసుకుని కూచున్నాడు. అయిదింటిదాకా అక్కడే కూచునేట్టున్నాడు. చుట్టూ దగ్గేవాళ్లు, మూలిగేవాళ్లు.

వదిన నిలబడే ఉంది. "ఏవండీ, ఇక్కడ అయిదింటిదాకా కూచుంటే నాకు లేని జబ్బు కూడా వస్తది. ఏటి కాడికి పోదాం పదండి" అంది.

"నీ ఒంట్లో బాగాలేదు. గాలి తగిలితే..."

"గాలి తగలకనే రెండు నెలలు ఉన్నానుగా. ఏం బాగుపడ్డా?"

అన్నయ్య లేచాడు. ఆయనకి ఆమె మాట కాదనటం ఎప్పుడూ చేతకాలేదు. పిల్ల విషయంలో మాత్రం అమ్మ మాటా కాదనలేకపోయాడు.

ఆనకట్టకి ఎగువన, కొండ కింద రేవులో పడవలు కట్టేసి ఉన్నాయి. ఒక మోటారు లాంచీ గోనెపట్టాలు కప్పుకుని పడి ఉంది. యుద్ధం మూలాన పెట్రోలు దొరక్క దాన్ని ఒడ్డున పడేశారు. షికారుకి వచ్చేవాళ్లని తెరచాప పడవల మీదే పైన లంకల దాకా తిప్పి తీసుకొస్తున్నారు. అప్పుడే ఒక సాయెబుల కుటుంబం పడవ మాట్లాడుకుని ఎక్కుతోంది. ఒక ముసలామె, ఆమె కొడుకు, కోడలు. కొడుక్కి చిలకలూరిపేటలో బట్టల కొట్టు ఉందంట. పడవలో ఇంకా చోటుంది. వదిన ఆ పడవ వైపే చూస్తుంటే ముసలామె పిలిచింది, "రండమ్మా, ముగ్గురేగా. నీళ్లందరివీ."

అన్నయ్య వాచీ తీసి చూశాడు. "మూడింటికల్లా తిరిగి రావాలి" అన్నాడు పడవవాడితో.

"మూడేంది బాబూ, రెండింటికే దింపుతా" అన్నాడతను.

పడవ కదలగానే నేను కళ్లు మూసుకుని రెండు చేతుల్తో బల్ల అంచు పట్టుకున్నాను. అటు ఊగితే ప్రాణం పోయినంత పని, ఇటు ఊగితే దేవుడా అనటం. నేను ముందు కొస దగ్గర కూచున్నాను. వదిన వెనక చుక్కాని పక్కన కూచుంది. ఎవరు ఎక్కడ కూచుంటారో నేనే చూసుకున్నాను, ఆమెకి ఎంత దూరమైతే అంత మంచిదని.

కాసేపటికి కళ్లు తెరిచాను. తూర్పు గాలికి తెరచాప నిండుగా ఉబ్బి ఉంది. పడవ చప్పుడు లేకుండా పోతోంది. అటు కొండ, ఇటు సీతానగరం గట్టు, మధ్యలో ఇంత వెలుగు. ఒడ్డు దూరమయ్యాక ఆ కోడలుపిల్ల ముసుగు తీసి మొహానికి గాలి తగలనిచ్చింది. వదిన చెయ్యి నీళ్లలో పెట్టి కూచుంది. ఆమె వేళ్ల వెనక చిన్న గీత పడుతోంది నీళ్ల మీద. మాటిమాటికీ ఆ గీతని చూసుకుంటోంది.

"ఈత వచ్చా అమ్మా?" అని అడిగాడు పడవవాడు.

"ఈత రాని పిల్ల మా ఊళ్లో ఉండదన్నా. పుట్టి ఎక్కి తెడ్డు కూడా వేస్తాను. ఒక్కదాన్నే అవతల గట్టుకి, నైజాం వైపుకి పోయొచ్చేదాన్ని."

అన్నయ్య ఆమె వైపు చూశాడు. పెళ్లయి రెండేళ్లు దాటినా ఆ సంగతి ఆయనకీ తెలియదనుకుంటా.

లంక మీద దిగి రెల్లు పొదల పక్కన నీడలో కూచున్నాం. ముసలామె గుడ్డ పరిచి పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం కూర కుమ్మరించి, అందరినీ చుట్టూ కూచోమంది. వాళ్లంతా ఒకే పళ్లెంలో తింటారు. వదిన లేచి నాలుగడుగులు వెనక్కి పోయింది.

"ఏందమ్మా, మా చేతి కూడు తినవా?" అంది ముసలామె.

"అదేం కాదవ్వా. నాకు దగ్గు. ఇయ్యాలే ఛాతీకి పొటో తీశారు. ఏం జబ్బో ఇంకా తెలవదు. మీ అందరి పళ్లెంలో నేను చెయ్యి పెట్టకూడదు."

కొడుకు, కోడలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముసలామె మాత్రం ఏమీ తడుముకోలేదు. సంచిలోంచి విస్తరాకు తీసి, దాంట్లో నిండుగా వడ్డించి, లేచి తనే తీసుకుపోయి వదిన ముందు పెట్టింది. పెట్టి వెనక్కి రాలేదు. తన అన్నం కూడా ఒక ఆకులో తెప్పించుకుని వదిన పక్కనే చతికిలబడింది.

"తెలియని జబ్బుకి ఇప్పటినుంచే పస్తుండటం ఏంది బేటీ? తిను. నాకు డెబ్భయ్యేళ్లు. నన్ను చూసి ఏ దగ్గైనా పారిపోద్ది."

వదిన నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని ఆకు ఖాళీ చేసింది. నేను ఆ పెద్ద పళ్లెం దగ్గర కూచుని మెతుకులు కెలుకుతూ ఉండిపోయాను.

తిరుగు ప్రయాణంలో అన్నయ్య తొందర చూసి పడవవాడు అడ్డదారి పడదామన్నాడు. రెండు లంకల మధ్య సన్న పాయ ఉంది. అటుగా పోతే అరగంట కలిసొస్తుందంట. పడవ అటు తిప్పుతుంటే వదిన ముందుకి వంగి చూసింది.

"అన్నా, అటు పోమాక. నీళ్లు వణుకుతున్నయ్యి చూడు. కింద ఇసక ఉంది."

"నేను ఇరవై ఏళ్ల నుంచి తిప్పుతున్నానమ్మా ఈ పడవ" అన్నాడతను.

ఆ మాట అయ్యేలోపలే పడవ కింద గరగరమని చప్పుడైంది. ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. పడవవాడు గెడ వేసి నెట్టాడు. అన్నయ్య, సాయెబు గారబ్బాయి పంచెలు ఎగ్గట్టుకుని దిగి నెట్టారు. ఎంత నెట్టినా ముందు కొస ఇంకా ఇసకలోకే కూరుకుపోతోంది. అన్నయ్య వాచీ చూశాడు. మూడున్నర. ఇంకో పడవ చూపుమేరలో లేదు. మళ్లీ సోమవారం అన్న మాట నాక్కూడా చెవుల్లో గింగురుమంటోంది. ఇంకో మూడు రోజులు ఈ భయంతో గడపాలంటే ఎట్లా అని.

వదిన చీర కుచ్చెళ్లు పైకి దోపి నీళ్లలోకి దిగింది.

"ఎక్కు, ముందు పైకెక్కు!" అని అరిచాడు అన్నయ్య.

ఆమె వినిపించుకోలేదు. పాదాలతో అడుగు తడుముకుంటూ పడవ చుట్టూ తిరిగింది. మోకాళ్ల లోతు, తొడల లోతు, అట్లాగే ఎడమవైపు పోయి నడుం లోతులో ఆగింది. "ఇక్కడ లోతుంది. మీరు ముందుకి నెడుతున్నారు, అది ఇసక మేటలోకి పోతంది. వెనక భాగం ఇటు తిప్పండి. బరువంతా దిగాలి. అవ్వ ఒక్కతే ఉండొచ్చు."

కోడలుపిల్ల దిగింది. మిగిలింది నేను. చెప్పాగా, నాకు నీళ్లంటే బావి. బల్ల పట్టుకుని బిగుసుకుపోయి కూచున్నాను.

"అమ్మాయ్, దిగు. నేనున్నాగా" అంది వదిన.

ఎట్లా దిగానో తెలియదు. చల్లటి నీళ్లు తొడల దాకా వచ్చేసరికి కాళ్ల కింద ఇసక జారింది. నేను పడబోయి పక్కన ఏది దొరికితే అది పట్టుకున్నాను. దొరికింది వదిన చెయ్యి. గట్టిగా పట్టుకున్నాను. ఆమె కూడా వదల్లేదు. ఇద్దరం పక్కపక్కనే పడవకి భుజాలు ఆనించాం. ఆమె ఊపిరి నా చెంపకి తగులుతోంది. రెండు నెలలు ఆ ఊపిరికే నేను భయపడింది. ఆ నిమిషాన మాత్రం ఆ చెయ్యి ఎక్కడ వదిలేస్తుందో అన్న భయం తప్ప వేరే భయం లేదు.

"ఇప్పుడు... ఊ!" అంది వదిన.

అందరం నెట్టాం. పడవ వెనక భాగం మెల్లగా తిరిగింది. మళ్లీ నెట్టాం. గరగర చప్పుడు ఆగి, పడవ ఒక్కసారిగా తేలికైపోయి లోతు వైపు జారింది. ముసలామె పడవలోంచే రెండు చేతులూ ఎత్తి అల్లాని తలుచుకుంది. నడుం దాకా తడిసిపోయి పైకెక్కి కూచున్నాం. వదిన రొప్పుతోంది, నవ్వుతోంది. అన్నయ్య తన పైకండువా ఆమె భుజాల చుట్టూ కప్పి, నా దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు, "ఇంత పని చేసింది, దగ్గలేదు చూశావా?"

పడవవాడు ఇంక ఆమె చెయ్యి చూపించిన వైపే పడవ నడిపాడు.

రేవులో దిగేసరికి అయిదున్నర. ముసలామెకి సరిగా వెళ్లొస్తామని చెప్పను కూడా లేదు. తడి చీరలతోనే జట్కా ఎక్కాం. ఆస్పత్రికి పోయేసరికి పెద్ద డాక్టరు తలుపు దాకా వచ్చి టోపీ పెట్టుకుంటున్నాడు. మమ్మల్ని కింది నుంచి పైకి చూశాడు.

"ఛాతీ జబ్బు మనిషిని కృష్ణలో ముంచి తీసుకొచ్చావా ఏమయ్యా?" అన్నాడు అన్నయ్యతో.

డాక్టరు టోపీ తీసి బల్ల మీద పెట్టి, లోపలికి పోయి ఒక నల్లటి రేకు లాంటిది తెచ్చాడు. కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. దాంట్లో మా వదిన ఎముకలు తెల్లగా కనిపిస్తున్నాయి. నేను చూడలేక కళ్లు దించుకున్నాను. ఆమె చీర అంచు నుంచి నీళ్లు నేల మీద కారుతున్నాయి.

"క్షయ లేదు" అన్నాడు డాక్టరు. "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. కింద ఒకచోట నిమ్ము చేసి ఆరిపోయిన గుర్తుంది, అంతే. దగ్గీ దగ్గీ గొంతు ఒరుసుకుపోయి నెత్తురు పడి ఉంటుంది. మందు రాసిస్తాను. బలమైన తిండి పెట్టండి."

అన్నయ్య "లేదాండీ?" అన్నాడు. మళ్లీ "లేదా?" అన్నాడు.

వదిన అడిగింది ఒక్కటే. "పిల్లని ఎత్తుకోవచ్చా అండీ?"

డాక్టరుకి అర్థం కాలేదు. "ఎవరొద్దన్నారమ్మా?" అన్నాడు.

అన్నయ్య బయటికి పోయి మెట్ల మీద కూచుని రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. వదిన ఆయన పక్కన కూచుంది. నేను వాళ్ల వెనక నిలబడ్డాను. చలేస్తున్నదన్న సంగతి అప్పుడు తెలిసింది నాకు.

మర్నాడు మా బండి పదకొండింటికి. పొద్దున్నే లేచేసరికి అన్నయ్య చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. "రైలుకి చానా టైముంది. ఏటి కాడికి పోదామా?" అన్నాడు. నేనూ వదినా మొహాలు చూసుకుని నవ్వాం.

నిన్నటి పడవవాడే కనిపించాడు. వదినని చూసి, "ఇయ్యాల నువ్వు ఎటు చూపిస్తే అటే పోతా తల్లీ" అని చుక్కాని పక్కన చోటిచ్చాడు. ఈసారి నేను కూడా వదిన పక్కనే కూచున్నాను. లంకల దాకా పోలేదు. ఊరికే రేవు ఎదురుగా పోయి, నది మధ్యలో అటూ ఇటూ తిరిగాం. వాచీ జోలికి ఎవరూ పోలేదు. నీళ్ల మీద పొగమంచు లేస్తోంది. ఎండ ఇంకా పసుపచ్చగా ఉంది. ఆ గంటలో ఏమీ జరగలేదు. చెప్పుకోవటానికి ఒక్క సంగతి కూడా లేదు. నా జన్మలో అంత సుఖమైన గంట మళ్లీ ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అన్నయ్య బల్ల మీద ఒరిగి, చూస్తుండగానే నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, చెయ్యి పడవ బయటికి వేలాడేసి. రెండు నెలలుగా ఆయన పడుకోవటం చూశాను కానీ నిద్రపోవటం అదే చూడటం.

ఆయన నిద్రపోయాక నేను వదినతో అన్నాను, "నేను నీ దగ్గరికి రాకుండా తప్పించుకు తిరిగాను వదినా."

"తెలుసు" అంది. "రైల్లో పెట్టెకి అటుపక్క కూచున్నావు."

"కోపం రాలేదా?"

"వచ్చింది. చానా వచ్చింది. నువ్వు గడప లోపల కూచుని జడ వేసుకుంటుంటే, ఆ జడ పట్టుకుని గుంజుదామా అన్నంత వచ్చింది" అని, నిజంగానే నా జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నెప్పి పుట్టింది. ఇద్దరం నవ్వాం. అన్నయ్య ఉలిక్కిపడి లేచి, "ఏందే, ఇసకలో తట్టుకుందా?" అన్నాడు. దాంతో ఇంకా నవ్వాం.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ పిల్లని చంకనేసుకుని వాకిట్లోనే నిలబడి ఉంది. అన్నయ్య నోరు విప్పాల్సిన పని లేకపోయింది. ఆయన మొహం చూసింది, గబగబా రెండడుగులు ముందుకి వేసి పిల్లని వదిన చేతుల్లో పెట్టేసింది. పిల్ల ఒక్క క్షణం వదిన మొహం వంక చూసి గుక్కపెట్టి ఏడ్చింది. మా అమ్మ వైపు చేతులు చాపి దూకింది. రెండు నెలల్లో ఆ పసిదానికి తల్లి కొత్తమనిషి అయిపోయింది.

వదిన పిల్లని మళ్లీ అమ్మకిచ్చి, కాళ్లు కడుక్కోవటానికి పెరట్లోకి పోయింది. చాలాసేపటిదాకా రాలేదు.

పాలు మళ్లీ రాలేదు. వాళ్లూ వీళ్లూ చెప్పినవన్నీ తిన్నది, తాగింది. రాలేదు. అది మాత్రం ఆ ఇంట్లో ఎవరూ తీర్చలేని లోటుగా ఉండిపోయింది.

రెండు రోజులు పిల్ల అమ్మ చంక దిగలేదు. మూడో రోజు మధ్యాహ్నం మా అమ్మ పిల్లని వదిన ముందు చాప మీద కూచోబెట్టి, "నేను పక్కింట్లో ఉంటా. ఏడ్చినా పిలవమాకండి" అని నన్ను కూడా రెక్క పట్టుకుని లాక్కుపోయింది. పక్కింటి పిన్నమ్మ వాళ్ల వసారాలో ఇద్దరం కూచున్నాం. పిల్ల ఏడుపు గోడ అవతల నుంచి వినపడుతోంది. ఆ ఏడుపుకి అమ్మ లేస్తుంది, మళ్లీ కూచుంటుంది. చింతపండు గింజలు తీస్తానని చేట ఒళ్లో పెట్టుకుంది కానీ ఒక్క గింజా తీయలేదు. చాలాసేపటికి ఏడుపు ఆగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

అమ్మ చేట పట్టుకునే లేచింది. ఇద్దరం మెల్లగా పోయి తలుపు సందులోంచి చూశాం. పిల్ల వదిన భుజం మీద మొహం వాల్చి నిద్రపోతోంది. వదిన గోడకానుకుని, కాళ్లు చాపుకుని, కదిలితే ఎక్కడ లేస్తుందోనని బొమ్మలాగా కూచుని ఉంది. మా అలికిడికి కళ్లు మాత్రం మా వైపు తిప్పింది.

అమ్మ లోపలికి పోలేదు. వేలు పెదాల మీద పెట్టుకుని నా వైపు తిరిగి, "ఇంకో గంట పక్కింట్లోనే ఉందాం పద" అంది. చేట చంకన పెట్టుకుని ముందుగా తనే నడిచింది.